బహదూర్ మళ్లీ వస్తే?

ఫాంటమ్, మాండ్రేక్ ఎవరికి తెలీదు! బహదూర్ పేరెత్తితే మాత్రం మన చాళ్లలో యాభై దాటినోళ్ల కళ్లే మెరుస్తాయి.

ఇంద్రజాల్ కామిక్స్‌లో 1976లో పుట్టాడు. సృష్టించింది ఆబిద్ సుర్తీ. ముసుగు లేదు, మంత్రం లేదు. కాషాయ కుర్తా, జీన్స్ ప్యాంటు, అంతే. తండ్రి బందిపోటు, పోలీసుల చేతిలో చచ్చాడు. కొడుకేమో ఊరి జనాన్ని కూడగట్టి ఆ బందిపోట్లకే ఎదురు నిలిచాడు. పక్కన బేలా, ఎవరికీ తగ్గని పిల్ల. 1990లో ఇంద్రజాల్ మూతపడింది.

అభిమానులు వదల్లేదు. పాత పుస్తకాల బండ్ల మీద వెతుకుతారు, చిరిగిన అట్టలకు టేపేసి దాచుకుంటారు. ఇద్దరు కలిస్తే ఒకటే వాదన: కొత్త సీరీస్ వస్తే ఎట్లుండాలి? గుర్రాలెక్కిన బందిపోట్లు ఇప్పుడు లేరు కదా, మరి ఎవరితో కొట్లాడతాడు? మిల్లు జాగాలు మింగేటోళ్లతోనా?

నన్నడిగితే కథ సుర్తీగారి దగ్గరే ఉంది. ఆయన 2007లో ఓ పని మొదలుపెట్టారు. ఆదివారం పొద్దున ప్లంబర్‌ని వెంటబెట్టుకొని మీరా రోడ్డులో ఇల్లిల్లూ తిరగడం, కారే నల్లాలు ఉచితంగా బాగుచేయించడం. తెల్లారకముందే లేచి బిందెలు వరుసలో పెట్టిన మన అమ్మలకు ఆ చుక్క విలువ వేరే చెప్పాలా?

బేలా చేతికి ఒక పానా ఇచ్చి, చాళ్ మెట్ల మీంచి కథ మొదలుపెట్టమనండి. మొదటి సంచిక నేనే కొంటా.