తెర వెనుక దుబాసీ

పుదుచ్చేరి పట్టణంలో ఆనందరంగ పిళ్ళై నివసించిన భవనం నేటికీ నిలిచి ఉన్నది. ఫ్రెంచి గవర్నరు డూప్లే కొలువులో 1747 నుండి ప్రధాన దుబాసీగా వ్యవహరించిన ఆయన తమిళంలో వ్రాసుకున్న దినచర్య చరిత్రకారులకు సుపరిచితం. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథాన్ని ఆయనకే అంకితమిచ్చి, దానికి ‘ఆనందరంగరాట్ఛందము’ అని పేరు పెట్టాడు. దొరకు వర్తకుని భాష రాదు, వర్తకునికి దొర భాష రాదు. నడుమ దుబాసీ లేనిదే బేరం సాగేది కాదు.

కంప్యూటరులోనూ ఇటువంటి దుబాసీ ఉన్నది. దానినే గ్రాఫిక్స్ డ్రైవరు అంటారు. ఇది చేతికి తగిలే వస్తువు కాదు, ఒక ప్రోగ్రాము మాత్రమే. కంప్యూటరును నడిపే విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్ ఆజ్ఞ ఇస్తుంది; గ్రాఫిక్స్ పరికరం తెరపై బొమ్మను సిద్ధం చేస్తుంది. పరికరాలు పలు రకాలు, ఒక్కొక్కదాని భాష ఒక్కొక్కటి. ఆజ్ఞను ఆ భాషలోనికి మార్చేది డ్రైవరు. విండోస్ కొత్తదై డ్రైవరు పాతదిగానే ఉండిపోతే మాట తప్పిపోవచ్చు. తెర మిణుకుమిణుకుమంటుంది, అక్షరాలు మొద్దుబారి పెద్దవిగా కనిపిస్తాయి, వీడియో ఆగి ఆగి నడుస్తుంది. ఇంత మాత్రాన కంప్యూటరు చెడిపోయినదని మూలన పడవేయడం తొందరపాటు. పాఠశాలలలో ఇది మరీ విచారకరం.

విండోస్‌లో స్టార్ట్ గుర్తుపై మౌస్ కుడి మీట నొక్కి, డివైస్ మేనేజర్ తెరిచి, ‘డిస్‌ప్లే అడాప్టర్స్’ క్రింద ఉన్న పేరును కాగితంపై వ్రాసుకోవాలి. అక్కడ ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటే అసలు దుబాసీ లేక తాత్కాలికుడు పని నెట్టుకొస్తున్నాడన్నమాట. మొదట విండోస్ అప్‌డేట్‌లో వెదకాలి. అక్కడ దొరకకపోతే ల్యాప్‌టాప్ తయారుచేసిన సంస్థ వెబ్‌సైటును, ఆ తరువాతనే ఇంటెల్, ఎ.ఎం.డి., ఎన్విడియా వంటి పరికర నిర్మాతల వెబ్‌సైట్లను ఆశ్రయించాలి. “మీ డ్రైవరు పాతబడినది, ఇక్కడ నొక్కండి” అని పిలిచే ప్రకటనల జోలికి మాత్రం పోరాదు. వాటి వెంట వైరసు రావచ్చు.

పని మొదలుపెట్టేముందు ఫైళ్ళను భద్రపరచి, ల్యాప్‌టాప్‌ను కరెంటుకు తగిలించాలి. నడుమ తెర కొన్ని క్షణాలు నల్లబడవచ్చు. కంగారుపడి స్విచ్చి ఆపరాదు. పూర్తయిన పిదప కంప్యూటరును ఒకసారి ఆపి మరల నడపాలి. కొత్త డ్రైవరు వలన పరిస్థితి మరింత వికటిస్తే? డివైస్ మేనేజర్‌లో పరికరం పేరుపై రెండుసార్లు నొక్కితే ‘డ్రైవర్’ విభాగంలో ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ అనే మీట కనిపిస్తుంది. పాత డ్రైవరు ఇంకా భద్రంగా ఉన్నపక్షంలో అది తిరిగి కొలువులో చేరుతుంది. సాంకేతిక జ్ఞానం లేనివారికి ఇంతటి అభయం మరొకటి లేదు. సి-డాక్ రూపొందించిన బాస్ వంటి లినక్స్ వ్యవస్థలలో చాలా డ్రైవర్లు వ్యవస్థతోపాటే నవీకరణ పొందుతాయి గనుక ఈ శ్రమ తక్కువ.

అనువాదకునిగా నాకు తరచు ఎదురయ్యే మరొక చిక్కు ఉన్నది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో యానాం తెలుగు సీమ, కాబట్టి తమిళ, తెలుగు, ఫ్రెంచి పత్రాలు ఒకే తెరపై కనిపించడం అక్కడ వింత కాదు. తెలుగు పత్రం తెరిచినపుడు వత్తులు, గుణింతాలు విడిపోయి కనబడితే డ్రైవరును నిందించి ప్రయోజనం లేదు. అది ఫాంటు లోపమో, పాత పద్ధతిలో టైపు చేసిన ఫలితమో అయి ఉంటుంది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగు లిపికి స్థానం లభించింది. పత్రాన్ని యూనికోడ్‌లోకి మార్చి, తగిన ఫాంటు పెట్టుకుంటే అక్షరాలు కుదురుకుంటాయి. డ్రైవరును ముట్టుకోవలసిన పని ఉండదు.