కరెంటు వచ్చింది, నెట్ ఇంకా రాలేదు: మరి కంప్యూటర్‌కి టైమ్ ఎవరు చెప్తారు?

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఫోన్‌లో డేటా, వైఫై రెండూ ఆఫ్ చేసి, ఫోన్ స్విచాఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. టైమ్ కరెక్ట్‌గానే ఉంటుంది కదా? ఫోన్ ఆఫ్‌లో ఉన్నా లోపల ఒక చిన్న గడియారం బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది. అందుకే ఈ రోజు చెప్పబోయే సమస్య మనకి ఫోన్‌లో కనిపించదు.

కానీ రాస్‌ప్‌బెర్రీ పై 4 లాంటి చిన్న బోర్డుల్లో ఆ గడియారం ఉండదు. కరెంటు పోతే టైమ్ కూడా పోయినట్టే. ఈ సంగతి తెలిసి కూడా నేను ఒక తప్పు చేశాను.

మా మామయ్యకి భీమవరం దగ్గర రొయ్యల చెరువు ఉంది. రొయ్యల సాగులో భయమంతా తెల్లవారుజామునే. రాత్రి ఎండ ఉండదు కాబట్టి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ తగ్గుతూ తెల్లారేముందు బాగా పడిపోతుంది. అప్పుడు ఏరేటర్లు తిరగాల్సిందే. నేను ఒక పై బోర్డు పెట్టి, రోజూ రాత్రి 2 గంటలకి మిగతా ఏరేటర్లు కూడా ఆన్ అయ్యేలా సెట్ చేశాను. వారం రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. ఊళ్లో అందరికీ చెప్పుకున్నాను కూడా.

ఒక రాత్రి 11 దాటాక కరెంటు పోయింది. 1:25కి వచ్చింది. 3:30కి కాపలా ఉండే అన్న టార్చ్ వేసి చూస్తే రొయ్యలు పైకి తేలుతున్నాయి. ఆయన పరుగెత్తి చేత్తో స్విచ్‌లు వేశాడు కాబట్టి పంట దక్కింది. పొద్దున్నే మామయ్య ఫోన్: "ఏరా, నీ మిషను పడుకుందా?"

పడుకోలేదు. దానికి టైమ్ తెలియలేదు, అంతే. నేను వెళ్లి చూస్తే జరిగింది ఇదీ.

ఆ బోర్డులో ఫేక్ హెచ్‌డబ్ల్యూ క్లాక్ అని ఒక ప్రోగ్రామ్ ఉంటుంది. అది గంటకోసారి టైమ్‌ని ఫైల్‌లో రాసి పెడుతుంది. చివరిసారి రాసింది 11:17కి. కరెంటు రాగానే బోర్డు ఆ ఫైల్ చూసి "ఇప్పుడు 11:17" అనుకుంది. అంటే 2 గంటల 8 నిమిషాలు వెనక. అన్న స్విచ్ వేసినప్పుడు బోర్డు లెక్కలో టైమ్ 1:22. ఆయన చూడకపోతే ఏరేటర్లు 4:08కి తిరిగేవి.

మరి ఇంటర్నెట్ నుంచి టైమ్ తెచ్చుకోవచ్చు కదా అంటారా? దానికే ఎన్‌టీపీ ఉంది. 1985 నుంచి ఉన్న ప్రోటోకాల్. కానీ బోర్డు అర నిమిషంలో లేచింది. రూటర్ లేచి నెట్ రావడానికి మూడు నిమిషాలు పట్టింది. నేనేమో డీఫాల్ట్‌గా ఉన్న సర్వీస్‌ని ఆపేసి, బూట్ అవ్వగానే ఒక్కసారి టైమ్ అడిగి వదిలేసే స్క్రిప్ట్ రాసుకున్నాను. అడిగింది, జవాబు రాలేదు, ఊరుకుంది. తప్పు బోర్డుది కాదు, రూటర్‌ది కాదు. నాది.

మీకూ ఇలాంటిది వస్తే ఎలా పట్టుకోవాలో చూద్దాం. కమాండ్లు స్క్రీన్ మీద ఉన్నాయి.

మొదట టైమ్‌డేట్‌సీటీఎల్ కొట్టండి. "సిస్టమ్ క్లాక్ సింక్రనైజ్డ్" పక్కన "నో" అని ఉంటే దొంగ దొరికినట్టే. తర్వాత జర్నల్‌సీటీఎల్‌లో లాగ్ చూడండి. ఇక్కడొక తిరకాసు ఉంది. గడియారమే తప్పైతే లాగ్‌లో పడే టైమ్ కూడా తప్పే. అందుకే షార్ట్ మోనోటోనిక్ ఆప్షన్ పెట్టండి. బూట్ అయిన దగ్గర్నుంచి ఎన్ని సెకన్లకి ఏం జరిగిందో వరసగా కనిపిస్తుంది.

చాలామంది ఇక్కడ "స్లీప్ 60" పెట్టేసి చేతులు దులుపుకుంటారు. వద్దు. ఇవాళ మూడు నిమిషాలు పట్టిన నెట్‌కి రేపు ముప్పై నిమిషాలు పట్టొచ్చు. "నెట్‌వర్క్ డాట్ టార్గెట్ తర్వాత స్టార్ట్ అవ్వు" అని రాసినా సరిపోదు. దానర్థం నెట్‌వర్క్‌ని చూసుకునే సాఫ్ట్‌వేర్ మొదలైందని మాత్రమే. "నెట్‌వర్క్ ఆన్‌లైన్" అన్నా, రూటర్ ఐపీ అడ్రస్ ఇచ్చేసి బయట ఇంటర్నెట్ రాకుండా ఉండొచ్చు.

కాబట్టి ఒక్కసారి అడిగి వదిలేయకుండా, దొరికేదాకా అడుగుతూనే ఉండే సర్వీస్ కావాలి. క్రోనీ గానీ, సిస్టమ్‌డీ టైమ్‌సింక్‌డీ గానీ, ఏదో ఒకటే పెట్టండి. రెండూ పెడితే కొట్టుకుంటాయి. క్రోనీలో "మేక్‌స్టెప్ 1 3" లైన్ ఉందో లేదో చూడండి. మొదటి మూడు అప్‌డేట్లలో తేడా ఒక సెకను దాటితే గడియారాన్ని ఒకేసారి దూకించమని దానర్థం. అది లేకపోతే రెండు గంటల తేడాని మెల్లమెల్లగా సర్దుతూ కూర్చుంటుంది. పాత ఎన్‌టీపీడీ అయితే తేడా 1000 సెకన్లు దాటితే, "జీ" ఆప్షన్ ఇవ్వకపోతే, అసలు పనే మానేసి ఆగిపోతుంది. మా తేడా 7680 సెకన్లు!

టైమ్ మీద ఆధారపడే ప్రోగ్రామ్‌ని "టైమ్ సింక్ టార్గెట్" తర్వాత స్టార్ట్ అయ్యేలా పెట్టొచ్చు. అయితే దాంతోపాటు వెయిట్ సింక్ సర్వీస్‌ని కూడా ఎనేబుల్ చేయాలి. లేకపోతే ఆ లైన్ ఉత్త అలంకారమే.

ఇంతవరకూ మెషిన్ సంగతి. చెరువు దగ్గర ఇది కూడా చాలదు. నెట్ రాత్రంతా రాకపోతే? సింక్ కోసం ఎదురుచూస్తూ ప్రోగ్రామ్ కూర్చుంటే రొయ్యలు ఆగవు కదా. అందుకే కోడ్ మార్చాను. "2 గంటలకి ఆన్ చెయ్" అని కాకుండా, ప్రతి నిమిషం "ఇప్పుడు 2 నుంచి 6 మధ్యలో ఉన్నామా?" అని చూస్తుంది. ఉంటే ఆన్. టైమ్ సింక్ కాలేదా? అప్పుడూ ఆన్. కరెంటు బిల్లు కాస్త పెరిగితే పెరగనీ. మీ ప్రాజెక్ట్‌లో కూడా ఈ ప్రశ్న వేసుకోండి: టైమ్ తెలియనప్పుడు ఏం చేస్తే నష్టం తక్కువ?

ఆఖరుగా డీఎస్3231 అనే చిన్న గడియారం మాడ్యూల్, దానికో బటన్ సెల్ తగిలించాను. ఏడాదికి అటూఇటూగా ఒక నిమిషం తేడా వస్తుందంతే. పై 5 వాడేవాళ్లకి గడియారం బోర్డులోనే ఉంది, కానీ బ్యాటరీ విడిగా కొని పెట్టాలి. మర్చిపోకండి.

అన్నీ పెట్టాక మెయిన్ ఆపేసి, రూటర్ వైరు పీకేసి, మామయ్య ముందే మళ్లీ ఆన్ చేసి చూపించాను. ఏరేటర్లు వెంటనే తిరిగాయి. ఆయన చూసి, "సరే గానీ, కాపలా మాత్రం మానిపించను" అన్నాడు. నేను కూడా మానిపించొద్దనే చెప్పాను.

మీ బోర్డుకి ఈ రాత్రే ఒకసారి నెట్ పీకి బూట్ చేసి చూడండి. ఏం జరిగిందో కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి, బై!