రుజువు కాని నేరానికి జైలు
అణగారిన వర్గాలే అధికం

న్యూఢిల్లీ: దేశంలోని కారాగారాలలో దళితులు, గిరిజనులు, ముస్లింల సంఖ్య జనాభాలో వారికున్న నిష్పత్తిని మించి ఉంది. ఆ వర్గాలలో నేరప్రవృత్తి ఎక్కువనడానికి దీనిని నిదర్శనంగా చూపేవారు లేకపోలేదు. అయితే జాతీయ నేర రికార్డుల బ్యూరో గణాంకాలు ఆ వాదనను బలపరచడం లేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో ముస్లింలు 14.2 శాతం. 2015 చివరినాటికి విచారణలో ఉన్న ఖైదీలలో వారు 20.9 శాతం కాగా, శిక్షపడినవారిలో 15.8 శాతం మాత్రమే. అంటే, నేరం రుజువైన వారిలో కంటె రుజువు కావలసిన వారిలోనే వారి వాటా హెచ్చు. జనాభాలో 16.6 శాతమున్న దళితులు విచారణ ఖైదీలలో 21.6 శాతం, 8.6 శాతమున్న గిరిజనులు 12.4 శాతం. శిక్షపడినవారిలోనూ ఈ రెండు వర్గాల వాటా అధికమే.

ఇందుకు మొదటి కారణం పేదరికం. బెయిలు మంజూరైనా పూచీకత్తు సమర్పించలేనివారు జైలులోనే మగ్గవలసి వస్తోంది. మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తాపీ మేస్త్రీకి సుప్రీంకోర్టు బెయిలు మంజూరు చేయగా, కింది కోర్టు 10,000 రూపాయల పూచీకత్తు కోరింది. ఆస్తి వేరే జిల్లాలో ఉన్నదంటూ అతని సోదరుని జామీనును తిరస్కరించింది. ఈ ధోరణిని జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ 1978లోనే తీవ్రంగా ఆక్షేపించారు. అయినా 2022 చివరినాటికి దేశంలోని ఖైదీలలో 75.8 శాతం మంది విచారణలో ఉన్నవారే.

రెండవ కారణం పాతుకుపోయిన అనుమానం. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలకు పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసింది. ఎరుకలవారిని నిర్బంధించి ఉంచడానికి నాటి గుంటూరు జిల్లాలో నెలకొల్పిన స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఆ చట్టం ఫలితమే. 1952లో చట్టం రద్దయినా, దొంగతనం జరిగితే ముందుగా ఆ తెగలవారినే పట్టుకువచ్చే అలవాటు పోలేదు. విముక్త తెగలవారిని ఇష్టానుసారం అరెస్టు చేయరాదని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు పోలీసులను ఆదేశించవలసి రావడమే ఇందుకు తార్కాణం.

2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన నాగరిక సురక్షా సంహిత కొంత ఊరట కల్పించింది. గతంలో ఏ నేరానికీ శిక్షపడని నిందితులు గరిష్ఠ శిక్షలో మూడవ వంతు కాలం నిర్బంధంలో గడిపితే బాండుపై విడుదలకు అర్హులు. యావజ్జీవ, మరణశిక్షలు పడదగిన నేరాలకు ఇది వర్తించదు. కానీ ఒకటికి మించి కేసులు పెండింగులో ఉన్నా ఈ అవకాశం ఉండదు. అనుమానం పేరిట పదేపదే కేసులలో ఇరుక్కునేవారికి మాత్రం జైలు తలుపు మూసే ఉంటుంది.