కడలిమీది కుశలప్రశ్న

1898వ సంవత్సరము ఆగస్టు మాసమున, ఇంగ్లండునకు దక్షిణముననున్న వైట్ ద్వీపమందలి ఆస్బోర్న్ రాజభవనములో 79 ఏండ్ల విక్టోరియా రాణి విడిది చేసియుండగా, ఆమె పెద్దకుమారుడు, వేల్సు యువరాజు, మిత్రునియింట మెట్లమీద జారిపడి మోకాటిచిప్ప విరుగగొట్టుకొని, భవనమునకు రెండు మైళ్లలోపుననే కౌస్ రేవు ముంగిట లంగరు దించిన రాజనౌకలో పడకపై నుండెను. నడుమనున్న మెరకలు ఓడను భవనమునకు కానరానీయవు. జెండాలతో సైగలు చేసికొనుటకు వీలు లేదు. గూలియెల్మో మార్కొనీ అను 24 ఏండ్ల ఇటలీదేశపు యువకుడు పిలిపింపబడి, భవనపు ఆవరణలో ఒక యెత్తైన స్తంభమునకును, నౌకయందలి కొయ్యకును తీగలు గట్టి, రెండు చోట్లను తన యంత్రములను నిలిపెను. 16 దినములలో దాదాపు 150 వార్తలు అటునిటు నడచినవి. యువరాజు రాత్రి సుఖముగ నిద్రించెననియు, మోకాలు కుదుటబడుచున్నదనియు వైద్యుడు పంపిన కబురులు వానిలో ముఖ్యమైనవి. ఓడలోనున్న బిడ్డ యెట్లున్నాడని గట్టున నున్న తల్లి యడుగుటయు, ఆ ప్రశ్నకు అప్పటికప్పుడే బదులు వచ్చుటయు లోకమున ఈ విధముగ మొదలైనది.

నిస్తంతి యంత్రముల చరిత్రలు సాధారణముగ యుద్ధనౌకలతోను, మహాప్రమాదములతోను ఆరంభమగుటచేత, ఓడలకు ఈ యంత్రమెక్కినది కేవలము ప్రాణరక్షణకేయని మనము తలచుచుందుము. తీరప్రాంతపు దీపనౌకలలో మొదటినుండియు దానిని రక్షణకై వాడిన మాట నిజమే. కాని నడిసంద్రమున తిరుగు ప్రయాణీకుల ఓడలలో దానికి స్థానము కల్పించి, దాని ఖర్చును భరించి, రేయింబవళ్లు దానిముందు కూర్చుండు మనుష్యునకు జీతమిప్పించినది గృహస్థులు పంపుకొనిన క్షేమసమాచారములే. మార్కొనీ సంస్థ యంత్రమును ఓడల యజమానులకు బాడుగకిచ్చి, దానితోపాటు తన యుద్యోగినే పంపి, ప్రయాణీకులు పంపు మాటలపై రుసుము గైకొనుచుండెడిది. ఆ రుసుము లేకున్నచో ఓడలో నిస్తంతి గదియు లేదు. ఆ గది లేకున్నచో ఆపద్వేళ కేకయు లేదు. ఈ సంబంధమును మనము గుర్తింపవలసినంతగ గుర్తింపలేదని నా యభిప్రాయము.

యంత్రము చూచుటకు సామాన్యమైనది. పంపువాడు మీట నొక్కినపుడు ప్రేరణచుట్టలో పుట్టిన తీవ్రమైన విద్యుత్పీడనము రెండు లోహపుగుండ్ల నడుమనున్న సందును దాటి చిటపటమని మెరయును. ఆ మెరుపులోని కంపనములు నిలువుతీగ నెక్కి విద్యుదయస్కాంత తరంగములై నలుదెసలకు వ్యాపించును. క్షణకాలము నొక్కినది చుక్క, అంతకు మూడింతలు నొక్కినది గీత. అందుకొనువానియొద్ద సన్నని గాజుగొట్టములో నికెలు పొడియు, అందు కొలదిగ వెండిపొడియు గలవు. మామూలుగ ఆ పొడి విద్యుత్తును పోనీయదు. తరంగము సోకినంతనే రేణువులొండొంటి నంటుకొని దారి యిచ్చును. అప్పుడు కాగితపు పట్టీపై గుర్తు పడును. అట్లంటుకొనిన పొడి తనంతట విడిపోదు గనుక, ఒక చిన్న సుత్తి గొట్టమును మాటిమాటికి తట్టి రేణువులను మరల చెదరగొట్టుచుండవలెను. ఓడ యూగులాటలో ఇట్టి సుకుమారమైన పరికరముతో వేగుట యెంత కష్టమో ఊహింపవచ్చును. కలకత్తాలో జగదీశచంద్ర బోసు కనిపెట్టి, 1899లో లండను రాయల్ సొసైటీకి నివేదించిన పాదరస గ్రాహకమునకు ఈ సుత్తితో పని లేదు. అదే సూత్రముపై నడచు పాదరస గ్రాహకమునే 1901 డిసెంబరులో న్యూఫౌండ్లాండు తీరమున అట్లాంటికు ఆవలినుండి వచ్చిన సంకేతమును వినుటకు మార్కొనీ వినియోగించెను.

1899 నవంబరులో న్యూయార్కునుండి ఇంగ్లండునకు తిరిగివచ్చుచు సెయింట్ పాల్ అను ఓడలో మార్కొనీ తన యంత్రమును నెలకొల్పగా, తీరమింకను 66 నాటికల్ మైళ్ల దూరమున నుండగనే వైట్ ద్వీపమందలి కేంద్రమునుండి దక్షిణాఫ్రికా యుద్ధవార్తలు చేరినవి. వానిని ఓడలోనే చిన్న పత్రికగా అచ్చువేసి, ప్రతి ఒక్కటి డాలరునకు విక్రయించి, వచ్చిన సొమ్మును నావికుల సహాయనిధికిచ్చిరి. 1902 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా అను ఓడలో పడమరకు పోవుచు ఆయన గమనించినది మరింత వింతయైనది: పగటివేళ 700 మైళ్లకే వార్తలు అణగిపోవుచుండగా, రాత్రివేళ 1,550 మైళ్లవరకు పూర్తి వాక్యములును, 2,099 మైళ్లవరకు ఒంటి అక్షరపు సంకేతమును అందినవి. ఆకాశమున చాలయెత్తున విద్యుద్వాహకమైన పొర యొకటి యుండి తరంగములను క్రిందికి మరల్చుచున్నదని కెన్నెలీ, హెవిసైడ్ అనువారలు ఆ సంవత్సరమే ఊహించిరి. 1924లో ఆపిల్టన్ దానిని ప్రయోగపూర్వకముగ నిరూపించెను. సూర్యరశ్మివలన పగలు ఏర్పడు దిగువపొర తరంగముల శక్తిని హరించును. ప్రొద్దుక్రుంకిన పిదప అది కరగిపోవుటచే మీది పొర వానిని దూరతీరములకు మరల్చును. కావున నడిసంద్రపు ఓడలో పగలెల్ల వ్రాసి యిచ్చిన కుశలవార్తలు పెక్కులు రాత్రికొరకు నిరీక్షింపవలసి వచ్చెడివి.

టైటానిక్ ఓడ కథ లోకవిదితమే యైనను, అందలి నిస్తంతి గది కథను ఈ దృష్టితో మరల చెప్పవలసియున్నది. ప్రయాణీకుడు క్రిందియంతస్తునందలి విచారణ కార్యాలయములో కాగితముపై వార్త వ్రాసి యిచ్చును. మొదటి పది మాటలకు 12 షిల్లింగుల 6 పెన్నీలు, పిదప మాట కొక్కింటికి 9 పెన్నీలు. గుమాస్తా మాటలను లెక్కించి, సొమ్ము పుచ్చుకొని, కాగితమును గాలిగొట్టములో వేయగా అది పై యంతస్తునందలి గదికి చేరును. అచ్చట ఫిలిప్సు, బ్రైడ్ అను ఇరువురు యువకులు వంతులవారిగ కూర్చుండుచుండిరి. 5 కిలోవాట్ల ఆ యంత్రము ఆ కాలమునకు మిక్కిలి బలమైనది. అది ప్రయాణమధ్యమున చెడిపోగా ఇరువురును నిద్రమాని బాగుచేసికొనిరి. ఈలోగా పంపవలసిన వార్తలు గుట్టలుగ పేరుకొనినవి. 1912 ఏప్రిల్ 14 ఆదివారము రాత్రి న్యూఫౌండ్లాండు తీరమందలి కేప్ రేస్ కేంద్రము అందుబాటులోనికి రాగా, ఫిలిప్సు ఆ గుట్టను తరుగగొట్టుటలో మునిగియుండెను. రాత్రి 11 గంటల ప్రాంతమున సమీపమందలి కాలిఫోర్నియన్ ఓడవాడు తాము మంచులో చిక్కి నిలిచిపోయితిమని చెప్పబోగా, పనిలోనుంటిననియు, కేప్ రేస్‌తో మాటలాడుచుంటిననియు చెప్పి ఫిలిప్సు వానిని విసుగుతో వారించెను. వాడు కొంతసేపటికి తన యంత్రము నాపి నిద్రించెను. 11 గంటల 40 నిమిషములకు టైటానిక్ మంచుకొండను తాకెను.

ఇంతవరకు అందరును చెప్పుదురు. చెప్పి, ప్రయాణీకుల ముచ్చట్లే హెచ్చరికను మింగినవని నిందింతురు. ఆ నింద సగము మాత్రమే న్యాయము. 58 మైళ్ల దూరమున పోవుచున్న కార్పేథియా ఓడలో కాటమ్ అను ఏకాకి ఆపరేటరు ఆ రాత్రి నిద్రకుపక్రమింపబోవుచు, చెవికి తగిలించుకొనిన పరికరమును ఇంకను తీయకుండెను. అమెరికా తీరమందలి కేప్ కాడ్ కేంద్రము టైటానిక్ ప్రయాణీకులకు వారివారి యిండ్లనుండి వచ్చిన వార్తలను పంపుచున్నట్లు అతడు వినెను. తోడి యుద్యోగికి సాయపడుదమను సద్బుద్ధితో, మీ కొరకు కేప్ కాడ్ వద్ద వార్తల మూట యొకటి వేచియున్నది, ఎరుగుదురా యని టైటానిక్‌ను పలుకరించెను. వెంటనే రమ్మనియు, మంచుకొండను తాకితిమనియు బదులు వచ్చెను. కార్పేథియా దిక్కు మార్చుకొని పరుగిడి సుమారు 700 మందిని కాపాడినది. ఆ యిండ్ల వార్తలే లేకున్నచో కాటమ్ ఆ వేళ టైటానిక్‌ను పిలుచుటకు కారణమే లేదు. ఫిలిప్సు సముద్రమున మరణించెను. పాదములు మంచుకు దెబ్బతినిన బ్రైడ్‌ను కార్పేథియా నిస్తంతి గదికి మోసికొనిపోగా, అతడు కాటమ్ ప్రక్క కూర్చుండి, బ్రతికియున్నామని ఇండ్లకు తెలుపుకొను ప్రయాణీకుల సందేశములను పంపుచుండెను. ఇంతటి దుఃఖములోను ఆ మీట చేసినపని మొదటినుండి చేయుచున్న పనియే.

ఆ తరువాత అమెరికా శాసనములును, అంతర్జాతీయ సముద్రరక్షణ ఒడంబడికయు ప్రయాణీకుల ఓడలలో నిరంతరము వినుచుండవలెనని విధించుటతో, యంత్రము రుసుములకు లోబడక హక్కుగ ఓడలో నిలిచెను. 1929 డిసెంబరులో లెవియాథన్ అను ఓడనుండి న్యూయార్కునకు రుసుము గల దూరవాణి ఆరంభమై, చుక్కలు గీతలు పోయి కంఠస్వరము వినవచ్చెను. ఇంగ్లండులోని పోర్టిస్‌హెడ్ రేడియోవారు నిర్ణీత వేళలయందు ఏయే ఓడలకు వార్తలున్నవో వాని గుర్తుపేర్ల పట్టిక చదువుచుండెడివారు. ప్రపంచమందలి సముద్రములన్నిటిపైనను రేడియో ఆఫీసరులు తమ ఓడ పేరు వినవచ్చునేమోయని చెవి యొగ్గి కూర్చుండెడివారు. ఓడలో మాటలాడు ఖర్చు నావికుని జీతమునకు మించియుండుటచే, పుట్టిన బిడ్డ కబురు పది మాటల్లో ముగియుచుండెడిది. అదియు రేడియో కలవారెల్లరు వినగలిగినదే. ఆ కేంద్రము 2000 సంవత్సరమున మూతపడినది.

దానిని మూయించినది ఉపగ్రహము. భూమధ్యరేఖపైన 35,786 కిలోమీటర్ల యెత్తున తిరుగు వస్తువు భూమితో సమానముగ తిరుగుచు ఒకేచోట నిలిచినట్లు కనబడునని, అట్టివానితో ప్రపంచమంతయు మాటలాడవచ్చునని ఆర్థర్ క్లార్క్ 1945లో వ్రాసెను. 1976లో మారిశాట్ ఉపగ్రహము ఓడలకొరకే యెగసినది. 1979లో ఇన్మర్‌శాట్ సంస్థ యేర్పడినది. ఆకాశమున ఉపగ్రహము కదలదు గాని క్రింద ఓడ కదలును. నీటి బిందె నెత్తిన బెట్టుకొని గట్టుమీద నడచు పడతి నడుము ఊగినను బిందె తొణకనీయనట్లు, ఓడపైనున్న తెల్లని గుమ్మటములో గైరోస్కోపులు గ్రాహకపు పళ్లెమును ఎటు కెరటము తోసినను ఉపగ్రహమువైపే నిలుపుచుండును. కాని దూరము తగ్గదు. మాట పోయి చేరుటకు పావు సెకండు, బదులు వచ్చుటకు మరియొక పావు సెకండు. ఇరువురును ఒకేసారి మాటలాడ మొదలిడి, ఇరువురును ఒకేసారి ఆగుట దానివలననే. ఐదారువేల జనము గల విహారనౌకలో ఒక్క ఉపగ్రహపు సన్నని దారిని అందరును పంచుకొనుటచే, చిన్న చిత్రము పంపుటకును చాలసేపు పట్టెడిది. 8,062 కిలోమీటర్ల యెత్తున తిరుగు ఓత్రీబీ ఉపగ్రహములు 2014నుండి ఈ చిక్కును కొంత తీర్చినవి. పిదప, అప్పటికి సుమారు 550 కిలోమీటర్ల యెత్తుననే పరుగులిడుచుండిన స్టార్‌లింకు ఉపగ్రహములను రాయల్ కరీబియన్ సంస్థ 2022 ఆగస్టులో తన ఓడలన్నిటికిని ఎంచుకొనెను. ఒక్కొక్కటి కొన్ని నిమిషములే కనబడి దిగంతమున మరుగగును. ఆలోగా మరియొకటి అందుకొనవలెను. అందులకై కదిలెడి పళ్లెమునకు మారుగ, వందలకొలది చిరుగ్రాహకములు గల బల్లపరుపు పలకను వాడుదురు. వానికి చేరు తరంగముల దశను రవంత ముందువెనుకలుగ మార్చుటచే, పలక కదలకయే దాని చూపు ఆకాశమున నొక ఉపగ్రహమునుండి మరియొకదానికి మరలును. గట్టు కేంద్రములు లేని నడిసంద్రమున ఉపగ్రహములు లేసరు కిరణములతో ఒకదానికొకటి వార్తను చేరవేయును.

2020 ఫిబ్రవరిలో కరోనా వ్యాధివలన డైమండ్ ప్రిన్సెస్ ఓడ 3,711 మందితో జపానులోని యోకొహామా రేవున నిలిపివేయబడినపుడు, జపాను ప్రభుత్వము సుమారు 2,000 ఫోనులను లోపలివారికి పంచిపెట్టినది. వైద్యుని సంప్రదించుటకును, మందులు తెప్పించుకొనుటకును అవి ఉపయోగపడినవి. ఆ ఓడలో 138 మంది భారతీయులుండిరి. వారిలో అత్యధికులు ప్రయాణీకులు కారు, వంటలు, వడ్డనలు చేయు కొలువువారు. స్వదేశమునకు చేర్పుడని వారు ఓడలోనుండియే చిత్రించి పంపిన వేడికోళ్లను దేశమంతయు చూచెను.

విహారమునకు వచ్చినవాడు వారమో పదిదినములో యుండి పోవును. ఓడలో పనిచేయువాడు ఒక్కొక్క ఒప్పందమున నెలలతరబడి యుండును. విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాలనుండి ఓడల కొలువునకు పోవు పిల్లల తల్లిదండ్రులకు ఈ విషయము నేను చెప్పనక్కరలేదు. సముద్రపు నౌకరుల హక్కుల ఒడంబడికకు 2022లో చేసిన సవరణ 2024 డిసెంబరు 23నుండి అమలులోనికి వచ్చెను. దానిప్రకారము ఓడల యజమానులు, సాధ్యమైనంతవరకు, పనివారికి ఇంటర్నెట్టు సదుపాయము కల్పింపవలెను, రుసుము గైకొన్నచో అది సమంజసముగ నుండవలెను. సమంజసమైన రుసుమెంతయో అందు నిర్ణయింపలేదు. భారతదేశము 2015లోనే ఈ ఒడంబడికను అంగీకరించినది. ప్రపంచపు ఓడలకు పనివారిని పంపు దేశములలో మనది పెద్దది. కాబట్టి ఆ రుసుమును మిక్కిలి తగ్గింపజేసి, వీలైనచో దానిని పూర్తిగ తీసివేయించుటకు మనదేశపు నౌకాయాన శాఖయు, నావికుల సంఘములును అంతర్జాతీయ సభలలో గట్టిగా అడుగవలెను. 1898లో రాణికి లభించిన సదుపాయము నేడు ప్రతి తల్లికిని లభింపవలెను. శ్రీకాకుళము జిల్లాలోని భావనపాడు తీరమందలి తల్లి దానికి రుసుము చెల్లింపవలసిన పని లేదు.