బ్రేకు పెడలు బిగిసిపోతే



ఆయిల్‌పామ్ గెల కోసిన 24 గంటల లోపల కర్మాగారం చేరవలె. ఆలస్యమైతే నూనెలో ఆమ్లం పెరిగి సరుకు గుణం పోతుంది. అందుచేత సత్తుపల్లి, వేంసూరు తోటల నుంచి అశ్వారావుపేటకో అప్పారావుపేటకో గెలల బండి బయలుదేరిందంటే మధ్యలో ఆగే మాట వుండదు. సరిగ్గా ఆ తొందరలోనే డ్రైవరు, "యివాళ బ్రేకు కాస్త గట్టిగా వున్నదేమిటి?" అనుకొని, కాలు యింకొంచెం బలంగా తొక్కి పోనిస్తాడు. అక్కడ పోనివ్వకూడదు.

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. పెడలు మెత్తగా స్పంజిలా దిగితే గొట్టాల్లో గాలి చేరిందన్నమాట. తొక్కిపట్టినప్పుడు నెమ్మదిగా అడుక్కి జారితే బ్రేకు ఆయిలు యెక్కడో తప్పించుకుంటున్నది. అవి వేరే జబ్బులు. మనం చెప్పుకునే దానిలో పెడలు రాయిలా యెదురు నిలుస్తుంది, బండి మాత్రం ఆగవలసిన చోట ఆగదు. ట్రాక్టరుకు అలవాటుపడిన కాలికి యిది జబ్బుగానే తోచదు. ట్రాక్టరు బ్రేకు గట్టిగానే వుంటుంది గదా!

కాని కారుకూ, సామాన్లు మోసే చిన్న ట్రక్కుకూ బ్రేకు తొక్కేది మన కాలొక్కటే కాదు. బానెట్టు యెత్తి చూడండి. డ్రైవరు కెదురుగా, బోర్లించిన తట్టలాగా ఒక నల్లని రేకు డబ్బా వుంటుంది. దాన్నే బూస్టరంటారు. లోపల రబ్బరు పొర వున్నది. ఇంజను నడుస్తుండగా ఆ పొరకు రెండు పక్కలా వున్న గాలిని లాగేస్తుంది. కాలు మోపగానే పెడలు వైపు మాత్రం బయటి గాలి చొరబడి పొరను ముందుకు నెడుతుంది. బయటి గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో. 9 అంగుళాల డబ్బాలో పొర వైశాల్యం 400 చదరపు సెంటీమీటర్లకు పైచిలుకు. లోపలి గాలిలో మూడింట రెండు వంతులు లాగినా దాదాపు 270 కిలోల తోపు వస్తుంది. 75 కిలోల ధాన్యం బస్తాలు మూడున్నర పెడలుకు తోడు నిలిచాయనుకోండి! ఆ తోడు తప్పుకుంటేనే పెడలు బిగుస్తుంది. బ్రేకు చచ్చిపోలేదు, సాయం పోయింది.

బొగ్గు టిప్పర్లకూ పెద్ద లారీలకూ వుండేది గాలి బ్రేకు. ఆ సంగతి వేరు.

ఇప్పుడు పరీక్ష. దీనికి పనిముట్లు అక్కరలేదు. చదునైన చోట బండి నిలిపి, చేతిబ్రేకు వేసి, ఇంజను ఆపండి. పెడలును నాలుగైదు సార్లు తొక్కితే గట్టిపడుతుంది. అలా తొక్కిపట్టి వుంచి ఇంజను స్టార్టు చెయ్యండి. పెడలు కాలికింద కొంచెం కిందికి దిగితే బూస్టరు పని చేస్తున్నట్లే. కదలకపోతే సాయం అందడం లేదు. తరువాత ఇంజను ఒకటి రెండు నిమిషాలు నడిపి ఆపి, మళ్లీ తొక్కండి. మొదటి రెండు మూడు తొక్కులూ మెత్తగా వుండాలి. మొదటి తొక్కే రాయిలా వుంటే, లాగివుంచిన బలం యెక్కడో కారిపోతున్నది. విస్తరణ సిబ్బంది యీ పరీక్షను రైతు వేదిక ముందు ఆగిన యే బండి మీదనైనా అయిదు నిమిషాల్లో చూపవచ్చు. చెప్పడం కన్నా చూపడమే మేలు.

సాయం లేదని తేలగానే చాలామంది "బూస్టరు మార్చెయ్" అంటారు. తొందరపడకండి. ముందుగా బూస్టరుకు వచ్చే లావుపాటి రబ్బరు గొట్టాన్ని తడిమి చూడండి. పగిలిందా, ఆయిలు తగిలి ఉబ్బిందా, ఎలుక కొరికిందా? తోట షెడ్డులో నిలిపే బండికి ఎలుక శత్రువే. ఇంజను నడుస్తుండగా గొట్టాన్ని డబ్బా దగ్గర వూడదీసి వేలు అడ్డం పెట్టండి. వేలిని గట్టిగా లాగాలి. లాగకపోతే దోషం డబ్బాకు ముందున్నది. గొట్టం కావచ్చు, దానిలోని ఒంటిదారి వాల్వు కావచ్చు. ఆ వాల్వులో నోటితో ఊదితే ఒకవైపే గాలి పోవాలి. రెండు వైపులా పోతే మార్చవలసిందే. డీజిలు బండికి గాలి లాగే పంపు విడిగా వుంటుంది. కొన్నింటిలో అది మెకానిక్కులు డైనమో అనే ఆల్టర్నేటరు వెనకనే బిగించి వుంటుంది. బెల్టు జారినా, పంపుకు ఇంజనాయిలు అందకపోయినా లాగుడు తగ్గుతుంది.

ఒక హెచ్చరిక. గొట్టం చీలిందని స్ప్రేయరు గొట్టం ముక్క తొడగకండి. లాగుడుకు అది లోపలికి అణిగి మూసుకుపోతుంది. దీనికని చేసిన గొట్టమే వేయించండి.

లాగుడు బాగానే వుండీ పెడలు దిగకపోతే, లేదా తొక్కినప్పుడు పాదాల దగ్గర బుస్సుమని చప్పుడు వస్తే, అప్పుడు డబ్బాలో పొర చిరిగిందని అనుమానించాలి. బయట చుక్క కారకుండా బ్రేకు ఆయిలు తగ్గుతుంటే అది మాస్టర్ సిలిండరు వెనక సీలు దాటి బూస్టరులోకి పోతూ వుండవచ్చు. రెంటినీ కలిపి చూపించండి.

బూస్టరు పరీక్షలో నెగ్గినా బండి ఆగకుంటే చక్రాల దగ్గర వెతకాలి. పిస్టను తుప్పుపట్టి బిగిసిందా, ప్యాడ్లు నున్నబడ్డాయా చూడాలి. పేరులో ఆయిలు వున్నదని బ్రేకు డబ్బాలో ఇంజనాయిలు పోసేవారున్నారు. దానితో రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి చెడతాయి. అలా పోసివుంటే బండిని కదిలించకుండా మెకానిక్కునే పిలిపించండి.

ఇంకొక పాడు అలవాటు. చింతూరు నుంచి మారేడుమిల్లి మీదుగా ఘాటు దాటేవారిలో కొందరు డీజిలు మిగుల్తుందని దిగుడులో ఇంజను ఆపేస్తారు. ఇంజను ఆగితే బూస్టరులో మిగిలేది రెండు మూడు తొక్కుల సాయమే. నాలుగో మలుపు దగ్గర వున్నది మన కాలొక్కటే. తాళం తీస్తే స్టీరింగు కూడా బిగుస్తుంది.

దారిలో పెడలు బిగిస్తే మాటిమాటికీ తొక్కకండి. ఒకేసారి బలమంతా పెట్టి తొక్కి పట్టండి, గేరు ఒక్కొక్కటే తగ్గించండి, చేతిబ్రేకు మెల్లగా లాగండి. నిలిచాక సరుకును వేరే బండికి ఎత్తించండి. బ్రేకు దీపం వెలగలేదు గదా అని ధైర్యపడరాదు. చాలా బండ్లలో ఆ దీపం బ్రేకు ఆయిలు తగ్గితేనో, చేతిబ్రేకు వేసివుంటేనో వెలుగుతుంది. మరమ్మతు అయ్యాక కూడా కాలి పరీక్ష మళ్లీ చేసి, ఖాళీ బండిని కళ్లంలో రెండు సార్లు ఆపి చూసి, ఆ తరువాతనే గెలలు ఎక్కించండి.