ఒకే కొలత అప్పు, వేర్వేరు బరువులు: భూటాన్, మాల్దీవుల ఆర్థిక స్థితిపై ఓ పరిశీలన

దక్షిణాసియాలో జనాభా రీత్యా అతి చిన్న దేశాలు రెండు. ఒకటి హిమాలయ సానువుల్లోని భూటాన్. మరొకటి హిందూ మహాసముద్రంలో పగడపు దీవుల సముదాయమైన మాల్దీవులు. భూటాన్ జనాభా 8 లక్షల లోపే. మాల్దీవుల్లో 2022 జనగణన ప్రకారం విదేశీ కార్మికులతో కలిపి 5.15 లక్షల మంది నివసిస్తున్నారు. రెండు దేశాల ప్రజలను కలిపి లెక్కించినా విశాఖపట్నం నగర జనాభా కంటే తక్కువే.

ఈ రెండు దేశాలకు మరో పోలిక కూడా ఉంది. ఇటీవలి సంవత్సరాల్లో రెండింటి ప్రభుత్వ రుణమూ వాటి స్థూల దేశీయోత్పత్తిని మించిపోయింది. అంటే దేశమంతా ఏడాది పొడవునా ఉత్పత్తి చేసే వస్తువులు, సేవల విలువ కన్నా ప్రభుత్వం తీర్చవలసిన బాకీయే ఎక్కువ. అయినప్పటికీ 2024లో అంతర్జాతీయ రేటింగ్ సంస్థలు ఒక్క మాల్దీవుల విషయంలోనే చెల్లింపులు ఆగిపోవచ్చునని హెచ్చరించాయి. ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్య నిధి సంయుక్త అంచనాల్లో మాల్దీవులకు రుణ సంక్షోభ ముప్పు 'అధికం' కాగా, భూటాన్‌కు 'మధ్యస్థం'. కొలత ఒకటే అయినప్పుడు ముప్పులో ఇంత వ్యత్యాసం ఎందుకు?

శాతం చెప్పేది, చెప్పనిది

ఒక దేశపు అప్పును అంచనా వేసేటప్పుడు దానిని స్థూల దేశీయోత్పత్తిలో శాతంగా చెప్పడం ఆనవాయితీ. ఈ లెక్క సులభమైనదే గాని, సంపూర్ణమైనది కాదు. జపాన్ ప్రభుత్వ రుణం దాని ఉత్పత్తికి రెట్టింపును దాటి ఉన్నా ఆ దేశం దివాలా తీయలేదు. కారణం, ఆ రుణంలో అధిక భాగం సొంత కరెన్సీలో, సొంత ప్రజలకు, సొంత సంస్థలకు బాకీపడినదే. అదే శ్రీలంక 2022 ఏప్రిల్‌లో విదేశీ రుణాల చెల్లింపును నిలిపివేయవలసి వచ్చింది. దాని ఖజానాలో డాలర్లు అడుగంటడమే తక్షణ కారణం.

అందువల్ల అప్పు ఎంత అన్న ప్రశ్న తరువాత మరో నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఎవరికి బాకీ? ఏ కరెన్సీలో? దేనికోసం తెచ్చారు? ఏ ఆదాయం నుంచి తీరుస్తారు? భూటాన్, మాల్దీవులు ఈ నాలుగింటికీ చెప్పే సమాధానాలు దాదాపు పరస్పర విరుద్ధమైనవి.

భూటాన్: నదులను నమ్ముకున్న అప్పు

భూటాన్ స్థూల దేశీయోత్పత్తి సుమారు 300 కోట్ల డాలర్లు. ప్రభుత్వ రుణంలో సగానికి పైగా జలవిద్యుత్ ప్రాజెక్టుల కోసం తెచ్చినదే. అందులోనూ ప్రధాన రుణదాత భారతదేశం. ఆ రుణం రూపాయల్లో ఉంటుంది. భూటాన్ కరెన్సీ న్గుల్ట్రమ్ మారకపు విలువ మొదటి నుంచీ భారత రూపాయితో సమానం. కాబట్టి డాలరు విలువ పెరిగినంత మాత్రాన ఈ రుణభారం పెరగదు.

ఈ బంధానికి పునాది చుఖా ప్రాజెక్టు. 336 మెగావాట్ల ఈ కేంద్రం 1980ల రెండో భాగంలో ఉత్పత్తి ప్రారంభించింది. నిర్మాణ వ్యయంలో 60 శాతాన్ని భారత్ గ్రాంటుగానూ, 40 శాతాన్ని రుణంగానూ సమకూర్చింది. 1,020 మెగావాట్ల తాలా ప్రాజెక్టుకూ ఇదే నిష్పత్తి వర్తించింది. 2019లో ప్రారంభమైన 720 మెగావాట్ల మాంగ్‌దేఛు నాటికి నిష్పత్తి తలకిందులైంది: గ్రాంటు 30 శాతం, రుణం 70 శాతం. భూటాన్ అప్పు ఇటీవలి దశాబ్దాల్లో వేగంగా పెరగడానికి ఈ మార్పు ఒక ముఖ్య కారణం.

ఈ విధానంలో అప్పు ఇచ్చిన దేశమే విద్యుత్తునూ కొంటుంది. నిర్మాణ వ్యయం, వడ్డీ, నిర్వహణ ఖర్చు, కొంత లాభం కలిపి యూనిట్ ధరను నిర్ణయిస్తారు. మాంగ్‌దేఛు విద్యుత్తుకు యూనిట్‌కు 4 రూపాయల 12 పైసల ధర ఆ విధంగానే ఖరారైంది. ఆ అమ్మకాల నుంచే రుణ వాయిదాలు చెల్లిస్తారు. అప్పుతో పాటు దానిని తీర్చే ఆస్తి కూడా ఏర్పడుతుంది గనుకనే అంతర్జాతీయ సంస్థలు భూటాన్ జలవిద్యుత్ రుణాన్ని మిగతా రుణం నుంచి వేరుచేసి చూస్తాయి.

మాల్దీవులు: డాలర్లు వచ్చేదీ, పోయేదీ సముద్రం మీదుగానే

మాల్దీవుల ఆర్థిక వ్యవస్థ భూటాన్ కంటే రెట్టింపునకు పైగా పెద్దది. స్థూల దేశీయోత్పత్తి సుమారు 700 కోట్ల డాలర్లు. తలసరి ఆదాయం 12 వేల డాలర్లకు పైబడి దక్షిణాసియాలోనే అత్యధికంగా ఉంది. 1972లో తొలి విహార కేంద్రం తెరుచుకున్న ఈ దేశానికి 2024లో 20 లక్షల మందికి పైగా పర్యాటకులు వచ్చారు. జనాభాకు దాదాపు నాలుగు రెట్ల మంది అతిథులు ఒకే ఏడాదిలో వచ్చారన్న మాట.

ఇంత సంపన్న దేశం అప్పుల్లో చిక్కుకోవడానికి మూలం అక్కడి భౌగోళిక స్థితిలోనే ఉంది. వ్యవసాయానికి తగిన నేల అతి తక్కువ. చేపలు మినహా బియ్యం, కూరగాయలు, మందులు, సిమెంటు, చివరకు నిర్మాణానికి ఇసుక సైతం దిగుమతి చేసుకోవలసిందే. విద్యుత్తు అత్యధిక భాగం దిగుమతి చేసుకున్న డీజిల్‌తోనే తయారవుతుంది. సుమారు 1,190 దీవుల్లో జనావాసం ఉన్నవి 200 లోపే. వాటిలో ప్రతిదానికీ రేవు, పాఠశాల, ఆసుపత్రి, మంచినీరు విడివిడిగా సమకూర్చాలి. కొన్ని వందల మంది ఉన్న దీవికి కూడా కనీస వసతుల ఖర్చు తప్పదు.

దీనికి తోడు గత దశాబ్దంలో వంతెనలు, విమానాశ్రయ విస్తరణ, గృహ సముదాయాల నిర్మాణం పెద్ద ఎత్తున సాగింది. చైనా సహకారంతో రాజధాని మాలేను విమానాశ్రయ దీవితో కలిపే వంతెన 2018లో ప్రారంభమైంది. మాలేను చుట్టుపక్కల దీవులతో అనుసంధానించే మరో భారీ ప్రాజెక్టుకు భారత్ 10 కోట్ల డాలర్ల గ్రాంటు, 40 కోట్ల డాలర్ల రుణ సదుపాయం ప్రకటించింది. ఇవి అవసరమైనవే. అయితే వంతెన మీద నడిచే వాహనం డాలర్లను సంపాదించి పెట్టదు. ఆ రుణాన్ని తీర్చవలసింది పర్యాటక ఆదాయమే.

2020లో కోవిడ్ కారణంగా సరిహద్దులు మూసినప్పుడు ఆ ఆదాయం ఆగిపోయింది. ఒక్క ఏడాదిలో ఆర్థిక వ్యవస్థ దాదాపు మూడో వంతు కుంచించుకుపోయింది. అదే ఏడాది భూటాన్ ఆర్థిక వ్యవస్థ క్షీణత 10 శాతం దరిదాపుల్లో ఉంది. మాల్దీవులు మరుసటి ఏడాదే వేగంగా కోలుకున్నా, మధ్యలో తెచ్చిన అప్పులు మిగిలిపోయాయి. 2021లో జారీ చేసిన 50 కోట్ల డాలర్ల సుకూక్ వాటిలో ముఖ్యమైనది. ఇస్లామీయ ధర్మశాస్త్రం వడ్డీని నిషేధిస్తుంది కనుక, ఒక ఆస్తిపై వచ్చే రాబడిలో వాటాగా ప్రతిఫలం చెల్లించే పత్రమే సుకూక్. ఏటా దాదాపు 10 శాతం ప్రతిఫలం, 2026 ఏప్రిల్‌లో అసలు చెల్లింపు అన్న షరతులతో ఆ పత్రాలు అమ్ముడయ్యాయి.

2024లో ఏం జరిగింది?

2024 మధ్య నాటికి మాల్దీవుల మొత్తం విదేశీ మారక నిల్వలు 50 కోట్ల డాలర్ల లోపునకు పడిపోయాయి. రెండు నెలల దిగుమతులకు కూడా అవి చాలవు. జూన్‌లోనూ, ఆగస్టులోనూ ఫిచ్ సంస్థ ఆ దేశ రేటింగును తగ్గించింది. సెప్టెంబరులో మూడీస్ కూడా అదే బాట పట్టింది. ఆగస్టు చివర దేశంలోని అతి పెద్ద బ్యాంకు తన కార్డులపై విదేశీ కరెన్సీ చెల్లింపులను పరిమితం చేస్తున్నట్లు ప్రకటించి, అదే రోజు వెనక్కు తీసుకుంది. చికిత్స కోసం, చదువుల కోసం భారత్, శ్రీలంక, మలేసియాలకు వెళ్లే సామాన్య కుటుంబాలకు ఈ సంక్షోభం ఏ రూపంలో ఎదురవుతుందో ఆ ఒక్క రోజు చూపించింది.

ఆ అక్టోబరులో చెల్లించవలసిన సుకూక్ వాయిదా సుమారు 2.5 కోట్ల డాలర్లు. అంతర్జాతీయ విపణిలో ఇది చిన్న మొత్తమే. అయినా ఆ వాయిదా తప్పితే సార్వభౌమ సుకూక్ చెల్లింపులో విఫలమైన తొలి దేశంగా మాల్దీవులు నిలిచిపోతుందన్న ఆందోళన వ్యక్తమైంది. వాయిదా సకాలంలో చెల్లింది. అదే నెలలో భారత రిజర్వు బ్యాంకు 40 కోట్ల డాలర్లు, 3,000 కోట్ల రూపాయల మేరకు కరెన్సీ మార్పిడి ఒప్పందం కుదుర్చుకుంది. అంతకు ముందే భారతీయ స్టేట్ బ్యాంకు వద్ద ఉన్న 5 కోట్ల డాలర్ల ట్రెజరీ బిల్లుల గడువును భారత్ పొడిగించింది. 2025 జులైలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ మాలే పర్యటన సందర్భంగా 4,850 కోట్ల రూపాయల కొత్త రుణ సదుపాయం ప్రకటించారు. పాత రుణాలపై వార్షిక చెల్లింపు భారాన్ని 40 శాతం తగ్గించారు. కొత్త సదుపాయం డాలర్లలో గాక రూపాయల్లో ఉండడం గమనార్హం.

మాల్దీవుల ప్రభుత్వం తనవంతుగా పర్యాటకుల నుంచి వసూలు చేసే హరిత పన్నును 2025 జనవరి నుంచి రెట్టింపు చేసింది. పర్యాటక సేవలపై పన్నును జులైలో 16 నుంచి 17 శాతానికి పెంచింది. ఆదాయం వైపు చర్యలు ఇలా సాగాయి గాని, వ్యయం వైపు కోతలు అంత సులభం కావు. రాయితీలపై అందే ఆహారం, ఇంధనం, ప్రభుత్వ ఖర్చుతో సాగే వైద్యం ప్రజల నిత్యజీవితంతో ముడిపడి ఉన్నాయి.

భూటాన్ నిశ్చింతగా ఉందా?

భూటాన్ అప్పు భద్రమైనదని చెప్పడం సగం సత్యమే. విద్యుత్ కేంద్రం పూర్తయితేనే అది అప్పును తీరుస్తుంది. 1,200 మెగావాట్ల పునాత్సాంగ్‌ఛు-1 ప్రాజెక్టు ఇందుకు ఉదాహరణ. 2008లో నిర్మాణం మొదలైనప్పుడు సుమారు 3,500 కోట్ల రూపాయలుగా ఉన్న అంచనా తరువాత 9,300 కోట్లు దాటింది. 2013లో కుడివైపు కొండ జారడం ప్రారంభించడంతో ఆనకట్ట పనులు ఏళ్ల తరబడి స్తంభించాయి. ఉత్పత్తి లేకపోయినా వడ్డీ పేరుకుపోతూనే ఉంటుంది. ఇటువంటి ప్రాజెక్టు రుణాలపై వడ్డీ ఏటా 10 శాతం. అదే నదిపై 1,020 మెగావాట్ల పునాత్సాంగ్‌ఛు-2 ఎట్టకేలకు 2025 నవంబరులో ప్రారంభోత్సవం జరుపుకోగా, తొలి ప్రాజెక్టు ఆనకట్ట పనులను తిరిగి చేపట్టేందుకు అప్పుడే అంగీకారం కుదిరింది.

రెండో బలహీనత రుతువులది. ఈ కేంద్రాలు నదీ ప్రవాహంపైనే ఆధారపడతాయి. వర్షాకాలంలో విద్యుత్తు ఎగుమతి చేసే భూటాన్, చలికాలంలో నదులు సన్నబడినప్పుడు భారత్ నుంచి కొనుక్కుంటుంది. దేశీయ పరిశ్రమల వినియోగం పెరిగేకొద్దీ ఈ దిగుమతులూ పెరుగుతున్నాయి. మూడవది, ప్రధాన సరకు ఒక్కటే, దాదాపుగా కొనుగోలుదారు కూడా ఒక్కరే. 2012లో భారత రూపాయలకే కొరత ఏర్పడి దిగుమతులపై ఆంక్షలు పెట్టవలసి వచ్చిన అనుభవం భూటాన్‌కు ఉంది.

అన్నిటికంటే లోతైన సమస్య మనుషులది. జలవిద్యుత్ కేంద్రం నిర్మాణానికి వేల మంది కావాలి, నడపడానికి కొందరు చాలు. చదువుకున్న యువతకు సొంత దేశంలో తగినన్ని ఉద్యోగాలు లేక ఆస్ట్రేలియా వంటి దేశాలకు వలస పోతున్నారు. ఉపాధ్యాయులు, నర్సులు కూడా వారిలో ఉన్నారు. 8 లక్షల లోపు జనాభా ఉన్న దేశానికి ఇది చిన్న నష్టం కాదు. రుణం తీర్చవలసిన తరమే దేశం వీడితే, మిగిలినవారిపై తలసరి భారం పెరుగుతుంది.

అయితే భూటాన్‌కు ఒక కట్టుబాటు ఉంది. 2008 రాజ్యాంగం ప్రకారం ప్రభుత్వ రోజువారీ ఖర్చులను దేశీయ వనరుల నుంచే భరించాలి. కనీసం ఏడాది పాటు నిత్యావసరాల దిగుమతికి సరిపడా విదేశీ మారక నిల్వలు ఉండాలి. 'అప్పు చేసి పప్పుకూడు' వద్దన్న నియమాన్ని రాజ్యాంగంలోనే రాసుకున్న దేశమన్న మాట.

భారత్‌కు ఏమిటి సంబంధం?

ఈ రెండు దేశాల పద్దుల్లోనూ భారత్ ప్రముఖంగా కనిపిస్తుంది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో విదేశీ సహాయం కింద అత్యధికంగా 2,150 కోట్ల రూపాయలు భూటాన్‌కే కేటాయించారు. భూటాన్ 13వ పంచవర్ష ప్రణాళికకు భారత్ 10,000 కోట్ల రూపాయల తోడ్పాటు ప్రకటించింది. మాల్దీవులకు బియ్యం, గోధుమపిండి, గుడ్లు, ఉల్లి వంటి సరకుల ఎగుమతికి ఏటా ప్రత్యేక కోటా ఇస్తోంది. ఇది పొరుగు ధర్మం ఒక్కటే కాదు. మాల్దీవుల రుణదాతల్లో చైనా ఎగ్జిమ్ బ్యాంకు ముఖ్యమైనది. హిందూ మహాసముద్ర నౌకా మార్గాల చెంత ఉన్న దేశం అప్పుల ఊబిలో దిగబడితే దాని పర్యవసానం మాలేకే పరిమితం కాదు.

ఇకపై రెండు దేశాలకూ చౌక రుణాలు దొరకడం కష్టమే. అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశాల జాబితా నుంచి మాల్దీవులు 2011లో, భూటాన్ 2023 డిసెంబరులో బయటపడ్డాయి. ఆ హోదా మారడం గౌరవమే గాని, దానితో వచ్చే రాయితీలు క్రమంగా తగ్గిపోతాయి.

శాతాలు పక్కన పెట్టి చూస్తే రెండు దేశాల ముందున్న పని స్పష్టంగానే ఉంది. మాల్దీవులు వచ్చిన డాలర్లలో కొంత ఆదా చేసుకోవాలి, డీజిల్‌కు బదులు సౌరవిద్యుత్తు పెంచుకోవాలి. భూటాన్ కట్టిన కేంద్రాలను సకాలంలో పూర్తిచేసి, ఆ విద్యుత్తుతో స్వదేశంలోనే యువతకు పని కల్పించాలి. ఈ పనులు ఎంత త్వరగా జరిగితే అక్కడి ప్రజలపై పన్నుల భారం, రాయితీల కోత అంతగా తగ్గుతాయి.