పిల్లి కచేరి

టామ్ అను పిల్లిని, జెర్రీ అను ఎలుకను ఎఱుగని బాలబాలికలు అరుదు. అమెరికాలోని మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సంస్థలో పనిచేయుచుండిన విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా అను ఇరువురు 1940లో వీని కలహమును మొదటిసారి తెరపై చూపిరి. ఆ తొలి చిత్రమున పిల్లి పేరు జాస్పర్; నేటి పేర్లు పిమ్మట వచ్చినవి. ఈ జంటపై తీసిన చిత్రములలో ఏడింటికి ఆస్కార్ బహుమానములు లభించినవి. 1947లో విడుదలయిన ‘ది క్యాట్ కన్సర్టో’ వానిలో నొకటి.

దీని నిడివి సుమారు 7 నిమిషములు. పాత్రల నోట మాట యొక్కటియు రాదు; కావున ఏ భాషవారైనను చూచి నవ్వవచ్చును. టామ్ సభావేషము ధరించి, ఠీవిగా వచ్చి, సభకు తలవంచి పియానో ముందు కూర్చుండును. వాయించునది హంగెరీ దేశమున జన్మించిన ఫ్రాంజ్ లిస్ట్ రచించిన హంగేరియన్ రాప్సొడీలలో రెండవది.

పియానో మెట్టును నొక్కినచో, లోపల మెత్తని ఉన్ని తొడిగిన చిన్న సుత్తి లేచి తీగను కొట్టును, తీగ మ్రోగును. జెర్రీ ఆ సుత్తులపై పండుకొని నిద్రించుచున్నది! పిల్లి వాయించిన కొలది సుత్తులు దాని నెగురవేయును. మేలుకొన్న ఎలుక పైకి వచ్చి వెక్కిరించును. పిల్లి దానిని వ్రేలితో చిమ్మివేయును. నిద్ర చెడినది ఎలుకకు, తొలి దెబ్బయు దానికే. పాఠకులు తీర్పు చెప్పునపుడు ఈ సంగతిని మరువరాదు.

ఇంటిలోనైనచో టామ్ లేచి తరుమును. ఇచ్చట లేవరాదు. ఎదుట సభ యున్నది. పాట ఆగినచో పరువు పోవును. ఎలుక ఈ బలహీనతను చక్కగా కనిపెట్టినది. పియానో మూతను వ్రేళ్లపై పడవేయును. కత్తెరతో వ్రేలిని కత్తిరింపజూచును. మెట్ల నడుమ ఎలుకల ఉచ్చును అమర్చును. ఎలుకకై పుట్టిన ఉచ్చులో పిల్లి వ్రేలు చిక్కుకొనును! ఇంత జరిగినను టామ్ వాయించుట మానదు. ఒకప్పుడు పాదములతో సైతము వాయించును. దెబ్బలకన్న ఈ పట్టుదలయే మనలను ఎక్కువగా నవ్వించుచున్నదని నా తలంపు.

తెరపై సెకనుకు 24 చిత్రములు కదలును. 7 నిమిషములకు పదివేలు దాటును. ఒక్కొక్క బొమ్మను తరచుగా రెండేసి మారులు ఛాయాగ్రహణము చేయుదురు. అయినను వేలకొలది బొమ్మలు చేతితో గీయవలసినదే. ఏ స్వరము ఎన్నవ చిత్రముపై పడునో లెక్కగట్టి గీయనిచో వ్రేలొకచోట, ధ్వని మరియొకచోట నుండును. ఈ చిత్రమునకు సంగీతము కూర్చినవాడు స్కాట్ బ్రాడ్లీ.

వార్నర్ బ్రదర్స్ సంస్థ 1946లో విడుదల చేసిన వేరొక చిత్రమున నొక కుందేలు ఇదే రచనను వాయించుచుండగా ఎలుక అడ్డుపడును. ఊహ ఎవరిదను వివాదము చిత్రకారుల నడుమ గూడ రేగినది. ఆస్కార్ మాత్రము పిల్లి చిత్రమునకే దక్కినది.

చివరకు జెర్రీ కొన్ని సుత్తులను విఱిచి, వానితో తీగలను తానే మ్రోగించి, ముగియబోవు పాటను మరల సాగించును. ముగిసినదని టామ్ ఊపిరి పీల్చుకొనును. పాట మరల లేచును. రెండు మారులిట్లు జరిగిన పిదప, ఉడుపులు నలిగి, పిల్లి సొమ్మసిల్లి వాలిపోవును. సభ చప్పట్లు చరచును. దీపకాంతి వచ్చి జెర్రీపై నిలుచును. ఎలుక లేచి వినయముగా తలవంచును.